బాణం కిందికి గీసిన వారం

నేను చమురు కంపెనీ డిపోలో పనిచేసి రిటైరయ్యానని తెలిస్తే చాలు, ఎవరైనా ముందు అడిగేది ఒకటే. "క్రూడ్ పడిపోయిందని పేపర్లో రాస్తారు, బంకులో మాత్రం రేటు కదలదేంటండీ?" పెళ్ళి భోజనాల దగ్గర అడిగారు, చర్చి మెట్ల మీద అడిగారు, పన్ను పీకుతూ డెంటిస్టు కూడా అడిగాడు. నోట్లో దూది ఉండబట్టి ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు నాకంటే బాగా తెలిసినవాళ్ళు కృష్ణా జిల్లాలో లేరని నేను నమ్మిన రోజులున్నాయి. ఆ నమ్మకం ఒక శుక్రవారం నుంచి ఆదివారం లోపల ఎలా దిగిపోయిందో చెబుతాను. ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీకు పనికిరావచ్చు. పనికిరాకపోయినా సరే, ఆ మూడు రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు.

మా డిపో కొండపల్లి దగ్గర. పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలవ ఉన్న డీజిలు, పెట్రోలు అక్కడ లారీ ట్యాంకర్లలోకి నింపి చుట్టుపక్కల బంకులకు పంపుతాం. డీలర్ల దగ్గర ఆర్డర్లు తీసుకోవడం, ఏ ట్యాంకరు ఏ బంకుకు పోవాలో తేల్చడం నా పని. ఆ డిపోలో ఆడ ఆఫీసరును నేనొక్కదాన్నే. మా మేనేజరుగారు నియమాల మనిషి. సంతకం కింద గీత కూడా స్కేలు పెట్టి గీసేవారు. ట్యాంకర్లు నింపే షెడ్డులో సూపర్వైజరు మరో ఏడాదిలో రిటైరవబోతున్న పెద్దాయన. మాట తక్కువ. ఈ ముగ్గురం, ఇంకొక డీలరు. ఈ కథకు ఇంతే మనుషులం.

అప్పట్లో ఇప్పటిలా రోజూ పొద్దున్నే ధర మారేది కాదు. నెలకు రెండుసార్లు మారేది. ఒకటో తారీకున ఒకసారి, పదహారున ఒకసారి. అంతకుముందు రెండు వారాల్లో ప్రపంచ మార్కెట్లో డీజిలు ఎంతకు అమ్ముడైందో, డాలరుకు రూపాయి ఎంత పలికిందో సగటు కట్టి, దాన్నిబట్టి కొత్త ధర నిర్ణయించేవారు. నాకు మొదటినుంచీ లెక్కల పిచ్చి. రోజూ సిటీ బస్సులో విజయవాడ నుంచి డిపోకు వచ్చే దారిలో పేపరు చూసి క్రూడ్ ధర, డాలరు ధర ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ అంకెలకు ప్రాణం వచ్చినట్టనిపించింది. బుధవారం వచ్చిందంటే అమెరికా వాళ్ళు తమ నిల్వల లెక్క బయటపెడతారు. నిల్వ పెరిగితే ధర జారుతుంది, తరిగితే లేస్తుంది. ఎక్కడో ఒక రిఫైనరీ మరమ్మతుకు మూతబడితే డీజిలు ప్రియమవుతుంది. చలి దేశాల్లో చలి ముందే వస్తే ఇంకా ప్రియమవుతుంది. చమురు తీసే దేశాలు కూర్చుని ఉత్పత్తి తగ్గిస్తామంటే ఒక తీరు, తగ్గించం అంటే ఇంకో తీరు. ఇంత జరిగి క్రూడ్ దిగినా, ఆ వారమే మన రూపాయి నీరసపడితే దిగిన లాభం అక్కడికక్కడే ఇంకిపోతుంది. గల్ఫ్‌లో ఎవరో తుమ్మితే ఉయ్యూరులో ట్రాక్టరు ఖర్చు ఎందుకు మారుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించేది. అంత ఉత్సాహం నాకు పెళ్ళిచూపుల రోజున కూడా లేదు.

ఆ ఉత్సాహం నోటుపుస్తకంలో ఆగితే బాగుండేది. నా కుర్చీ వెనక ఒక తెల్లబోర్డు ఉండేది. ఒక సోమవారం సరదాకి దానిమీద ఒక బాణం గీశాను. రాబోయే ధర పెరుగుతుందనుకుంటే పైకి, తగ్గుతుందనుకుంటే కిందికి. ఆ పదిహేను రోజులకు నా బాణం నిజమైంది. తర్వాతిసారీ నిజమైంది. ఆర్డరు కాగితాలు ఇవ్వడానికొచ్చిన డీలర్లు ముందు బోర్డు వంక చూసి, తర్వాత నాకు నమస్కారం పెట్టడం మొదలైంది. రానివాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు. "మేడంగారూ, ఈ వారం మన బాణం ఎటండీ?" అని. మన బాణం అన్నారు చూడండి, అక్కడే నేను పడిపోయాను. నిజానికి ఆ సీజనంతా క్రూడ్ జారుడుబల్ల మీద ఉంది. కళ్ళు మూసుకుని కిందికి గీసినా సరిపోయేది. ఆ సంగతి నాకు తట్టలేదు.

మేనేజరుగారు ఒకసారి బోర్డు ముందు ఆగి అడిగారు. "ఇది డిపో పనిలో భాగమాండీ?"

"కాదు సార్, ఊరికే."

"ఊరికే చేసే పనులకే ఎక్కువ జవాబు చెప్పుకోవాల్సొస్తుంది" అని వెళ్ళిపోయారు. అసూయ అనుకున్నాను.

అది నవంబరు చివర. డెల్టా అంతా వరి కోతలు, బంకుకు పోయిన లోడు ఒక్కరోజులో అయిపోయే రోజులు. ఆ గురువారం చమురు దేశాల సమావేశం జరిగింది. ఉత్పత్తి తగ్గించం అని తేల్చారు. శుక్రవారం పేపరు తెరిచేసరికి క్రూడ్ బావిలో బొక్కెన జారినట్టు జారింది. బస్సు దిగి డిపో గేటు దాకా దాదాపు పరిగెత్తాను. బోర్డు మీద ఇంతకుముందెన్నడూ గీయనంత పెద్ద బాణం కిందికి గీశాను. పక్కనే ఇంకొక చిన్న బాణం కూడా గీశాను, అంటే భారీగా తగ్గుతుందని. కొత్త ధర ఆదివారం అర్ధరాత్రి నుంచి అమలు.

పది గంటలకల్లా ఫోన్లు మొదలయ్యాయి. పన్నెండుకు ఆగిపోయాయి. ఆర్డర్లు కూడా ఆగిపోయాయి.

ఎందుకో చెబుతాను. డీలరు డీజిలు ఈరోజు ధరకు కొంటాడు. ట్యాంకులో పోసుకున్న మర్నాడే ధర తగ్గితే, ఎక్కువకు కొన్నది తక్కువకు అమ్ముకోవాలి. ఒక్కో ట్యాంకరులో పన్నెండు వేల లీటర్లు. లీటరుకు రెండు రూపాయలు తగ్గినా ఎంత పోతుందో మీరే లెక్కవేసుకోండి. అందుకని ధర తగ్గుతుందని గట్టిగా తెలిస్తే డీలరు ఉన్నదాంతో సరిపెట్టుకుని, కొత్త ధర వచ్చాకే సరుకు ఎత్తుతాడు. ఊహ ఊహగా ఉన్నంతకాలం సగంమంది ఎత్తేవాళ్ళు, సగంమంది ఆగేవాళ్ళు. నా బాణం వచ్చాక అందరూ ఒకేసారి ఆగారు. సాయంత్రం యార్డులో ట్యాంకర్లు వరసగా ఖాళీగా నిలబడి ఉంటే, డ్రైవర్లు చెట్టుకింద పేకాడుతుంటే, చూసి నేను మురిసిపోయాను. నా మాటకు ఎంత విలువ అని.

శనివారం పొద్దున పదింటికి మా పిన్ని మొవ్వ దగ్గరనుంచి ఫోన్ చేసింది.

"ఏమే, మీ డిపోలో డీజిలు అయిపోయిందంటగా? ఇక్కడ ఏ బంకులో చూసినా లేదంటున్నారు. కోత మిషన్లు చేలోనే ఆగిపోయినయ్యి."

"అయిపోవడమేంటి పిన్నీ, ట్యాంకులు నిండా ఉంది."

"మరి మాకెందుకు రావట్లా? టీవీలో వాయుగుండం అంటున్నారు. సోమవారం కల్లా వాన పడుద్దంట. పైరు నిలబడే ఉంది."

ఫోను పెట్టేసరికి మేనేజరుగారి గదినుంచి పిలుపు. అప్పటికే ఆయనకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. చల్లపల్లి, మోపిదేవి, అవతల దివిసీమ, ఎక్కడ చూసినా బంకుల ముందు తాడుకట్టి 'డీజిల్ లేదు' అని అట్టలు వేలాడదీశారట. రైతులు డబ్బాలు పట్టుకుని నిలబడ్డారట. నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"మీ బాణం ఎక్కడ గుచ్చుకుందో చూశారా?"

"అందరికీ ఫోన్ చేస్తాను సార్, ఎత్తమంటాను" అన్నాను.

వరసగా ఆరుగురికి చేశాను. ఆరుగురూ ఒకటే మాట. "తగ్గుద్దని మీరేగా గీసింది మేడంగారూ. ఇవాళెత్తి మేం మునగాలా?" ఒకాయన నవ్వాడు కూడా. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు.

మళ్ళీ మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కిటికీలోంచి యార్డు చూస్తున్నారు. ఇటు తిరక్కుండానే అన్నారు. "బాణం పైకి తిప్పండి. పెరుగుతోందని చెప్పండి. గంటలో అన్ని లోడ్లూ లేస్తాయి."

గీత కూడా స్కేలు పెట్టి గీసే మనిషి ఆ మాట అన్నారు. నేను వెళ్ళి తడిగుడ్డతో బోర్డు తుడిచాను. మార్కరు మూత తీశాను. అబద్ధం ఆడితే వానలోపు పైరు ఒడ్డున పడుతుంది. డీలర్లు నష్టపోతారు, నన్ను తిడతారు, అది నేను భరించగలను. కానీ పెద్ద డీలర్ల సంగతి వేరు, ఒక్క బంకుతో బతికేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒకామె, భర్త పోయాక బంకు తనే నడుపుకుంటోంది, ప్రతి సోమవారం నన్ను "అక్కా" అని పిలిచి అడిగేది. ఆమెకు ఏ మొహంతో చెప్పను? మార్కరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సూపర్వైజరు సంతకానికి వచ్చి నా వెనక ఆగాడు. విషయం అడిగాడు. చెప్పాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించి, "ట్యాంకర్లో నాలుగు గదులుంటయ్యి కదమ్మా" అన్నాడు.

"ఉంటాయి."

"ఒక్కో గది మూడు వేలు. పన్నెండు వేలు ఎత్తమంటే ఎవడెత్తుతాడు? మూడు వేలు ఎత్తమనండి. ఒక ట్యాంకరు, నాలుగు బంకులు. ఆ మూడు వేలూ ఆదివారమే అమ్ముడుపోద్ది, కోతలు గదా. సోమవారానికి నిలవుంటేగా నష్టం."

ముప్ఫై ఏళ్ళుగా ట్యాంకర్లు నింపుతున్న మనిషికి తట్టింది, ప్రపంచ మార్కెట్లన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించిన నాకు తట్టలేదు. మా కంపెనీలో ఒక ట్యాంకరు ఒక బంకుకే పోవడం రివాజు. ఒక్కో గదికీ సీలు ఉంటుంది. నాలుగుచోట్ల సీలు విప్పాలంటే ఆఫీసరు పక్కన ఉండాలి. పైగా రేపు ఆదివారం, డిపోకు సెలవు. ఇద్దరం కలిసి మేనేజరుగారి గదిలోకి దాదాపు దూసుకుపోయాం. ఆయన విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఫోనెత్తి పై ఆఫీసుకు చేసి, ఆదివారం డిపో తెరవడానికి అనుమతి అడిగారు. అవతల ఎవరో ఎందుకని అడిగినట్టున్నారు. "నా బాధ్యత మీద" అన్నారు. అంతకంటే ఏం చెప్పలేదు. ఫోను పెట్టి నాతో అన్నారు, "ఆ బాణం సంగతి ఇందాక నేనన్నది మర్చిపోండి."

మధ్యాహ్నం నుంచి ఫోనుమీద ఫోను. ఈసారి నిజమే చెప్పాను. ధర తగ్గుతుంది, అందులో అనుమానం లేదు, అయినా మూడు వేలు ఎత్తండి, వానకు ముందే అమ్మేస్తారు. మొదట ఒప్పుకున్నది చల్లపల్లి దాటాక బంకు నడిపే పెద్దాయన. పంచె కట్టుకుని వచ్చి, ప్రతిసారీ నా టేబులు మీద రెండు అరటిపళ్ళు పెట్టి వెళ్ళే మనిషి.

"నష్టమొస్తే ఎవరు పెట్టుకుంటారు మేడంగారూ?"

"మీరే పెట్టుకోవాలండీ. నేనేం ఇవ్వలేను."

"మీరు ఉన్నమాట చెప్పారు. ఏదోటి ఇప్పిస్తానని అన్నట్టయితే నేను నమ్మేవాణ్ణి కాదు. రాసుకోండి నా పేరు. మా వైపోళ్ళకి నేను చెప్తాను" అన్నాడు.

చీకటి పడేసరికి పదకొండు ట్యాంకర్లకు సరిపడా పేర్లు నిండాయి. ఇంటికి వెళ్ళి రేపు ప్రార్థనకు రానని మా ఆయనతో చెప్పాను. "పాస్టరుగారు అడిగితే డీజిలు పోయడానికి వెళ్ళిందని చెప్పనా?" అన్నాడు. చెప్పమన్నాను.

ఆదివారం తెల్లారేసరికి షెడ్డు ఒక జాతరలా ఉంది. సెలవురోజని ఎవరూ మొహం చిట్లించలేదు. సూపర్వైజరు ఖాకీ చొక్కా వేసుకుని ఒక ట్యాంకరు మీంచి ఇంకో ట్యాంకరు మీదికి కుర్రాడిలా ఎక్కిదిగుతున్నాడు. మేనేజరుగారు స్వయంగా సీళ్ళు లెక్కపెడుతున్నారు. ఆఫీసర్లం నలుగురం నాలుగు దారులు పంచుకున్నాం. నాకు దివి దారి. జీపులో ముందు నేను, నా వెనక మూడు ట్యాంకర్లు. విజయవాడ దాటి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. సూర్యుడు రాలేదు. ఆకాశం తూర్పువైపు ఇనుములా ఉంది. రోడ్డుకు రెండువైపులా బంగారు రంగు పైరు తలలు వంచుకుని నిలబడి ఉంది. కొన్ని చేలల్లో కోత మిషన్లు మధ్యలోనే ఆగిపోయి, సగం గొరిగిన తలలా ఉన్నాయి ఆ మడులు. మిషన్ల పక్కనే వాటి డ్రైవర్లు తువ్వాళ్ళు కప్పుకుని పడుకున్నారు. మా ట్యాంకర్లు కనిపించగానే లేచి కూర్చున్నారు. ఒకడు చేతులు ఊపాడు. నేనూ ఊపాను. ఒక ఆఫీసరు చేయదగ్గ పని కాదు, అయినా ఊపాను.

మొదటి బంకులో ట్రాక్టర్లు, డబ్బాలు పట్టుకున్న మనుషులు రోడ్డుదాకా ఉన్నారు. సీలు విప్పి, గొట్టం తగిలించి, గది ఖాళీ అయిందని కొలకర్ర పెట్టి చూసి సంతకం చేసేలోపే వెనక పంపు దగ్గర అమ్మకం మొదలైంది. రెండో బంకు ఆ అరటిపళ్ళ పెద్దాయనదే. అక్కడా అంతే. మూడో బంకు దగ్గర చిక్కొచ్చింది. ఆ డీలరు గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"నాకొద్దండీ. పొద్దున టీవీలో చెప్పారు, బాగా తగ్గుద్దంట. మీరు బాణం గీసినప్పుడే అనుకున్నా."

"నిన్న ఒప్పుకున్నారు కదండీ."

"నిన్న ఒప్పుకున్నా. ఇవాళ ఒప్పుకోను."

అప్పటికే యాభై మంది మూగారు. ఒక ముసలామె, నడుముకు కొంగు చుట్టుకుని, డబ్బా కింద పెట్టి అతని వంక చూసింది. "నువ్వు దిగుద్దని చూస్తన్నావ్. పైనుంచి ఏం దిగుద్దో చూడు నాయనా" అని ఆకాశం వైపు చెయ్యి చూపింది. ఎవరూ నవ్వలేదు. అతను తల దించుకున్నాడు కానీ గేటు తియ్యలేదు. బలవంతంగా పోయడం కుదరదు. ఆ గదిలో మూడు వేల లీటర్లు వెనక్కి తీసుకుపోవాలి. చల్లపల్లి పెద్దాయనకు ఫోన్ చేశాను.

"వాడి గది కూడా నాకే పొయ్యండి" అన్నాడు. "జనాన్ని నా బంకుకి రమ్మని అక్కడే చెప్పండి. నా ట్యాంకులో చోటుంది."

వెనక్కి రెండు మైళ్ళు. జీపు వెనక ట్యాంకరు, ట్యాంకరు వెనక ఆ యాభై మంది, సైకిళ్ళమీద, ట్రాక్టర్లమీద, నడిచి. ముసలామెను నా జీపులో ఎక్కించుకున్నాను. ఊరేగింపులాగే ఉంది. మధ్యాహ్నానికి చేలన్నీ మోత. ఎక్కడో దూరంగా ఒక మిషను కదిలితే, దానికి జవాబుగా ఇంకొకటి, ఇంకొకటి. నా ఉద్యోగం మొత్తంలో నేను పంపిన డీజిలు పనిచేస్తుండగా చెవులారా విన్నది ఆ రోజే. అంతకుముందు అది నాకు కాగితం మీద అంకె.

సాయంత్రం డిపోకు తిరిగొచ్చాక కొత్త ధర వార్త వచ్చింది. అందరం మేనేజరుగారి గదిలో మూగాం. ధర తగ్గింది. ఎంతో తెలుసా, పైసల్లో. రూపాయి కూడా కాదు. క్రూడ్ నేను చెప్పినట్టే పడింది, డాలరు నేను చెప్పినట్టే నిలబడింది. కానీ అదే పూట డీజిలు మీద పన్ను పెంచారు. క్రూడ్ దించినదాన్ని పన్ను దాదాపు అంతా తినేసింది. నా నోటుపుస్తకంలో అమెరికా నిల్వలున్నాయి, గల్ఫ్ సమావేశాలున్నాయి, యూరపు చలి ఉంది. మన ఢిల్లీ లేదు. డెంటిస్టుకు నేను చెప్పలేకపోయిన జవాబు అదే. బంకులో మీరిచ్చే ధరలో క్రూడ్ ఒక భాగమే. మిగిలిన భాగాల్లో కొన్ని ఏ వారం ఎటు కదులుతాయో చెప్పే బాణం ఎవరి దగ్గరా లేదు.

సూపర్వైజరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయితే అబద్ధం చెప్పినా పెద్ద పాపం అయ్యేది కాదన్నమాటమ్మా." మేనేజరుగారు ఆయన వంక చూశారు, తర్వాత నా వంక చూశారు, తర్వాత ఆయన కూడా నవ్వారు. ఆయన పళ్ళు నేను అప్పుడే మొదటిసారి చూశాను.

అంతా ఒడ్డున పడిందని చెబితే అది కూడా అబద్ధమే. మిషన్లు చాలని ఊళ్ళున్నాయి. మర్నాటి వానకు మా పిన్ని వాళ్ళ రెండెకరాలు నిలబడినవి నిలబడినట్టే ఒరిగిపోయాయి. శుక్రవారం లోడ్లు ఆగకుండా ఉంటే అవి కూడా కోత అయ్యేవి. ఆ సంగతి పిన్నికి నేను చెప్పుకున్నాను. "నువ్వేం చేస్తావే" అంది. చేసింది నేనే అని మళ్ళీ చెప్పాను. ఆమె మాట మార్చి, అన్నం తిన్నావా అని అడిగింది.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి దివి వైపు వాన మొదలైంది. కొండపల్లిలో ఇంకా చినుకు పడలేదు. నేను నా కుర్చీలో కూర్చుని కొత్త ధరకు ముంచుకొచ్చిన ఆర్డర్లు రాసుకుంటున్నాను. ఫోను మోగింది. చల్లపల్లి పెద్దాయన.

"మేడంగారూ, ఇది వినండి" అన్నాడు.

ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. రేకుల కప్పు మీద వాన దబదబా కొడుతోంది. ఆ చప్పుడు కింద మనుషుల మాటలు, బస్తాలు ఈడుస్తున్న రాపిడి, కప్పడానికి ఇంకో బరకం తెమ్మని ఎవరిదో కేక.

"మిల్లు షెడ్డులో ఉన్నా. మా ఊరి ధాన్యం లోపలికొచ్చేసింది. ఆఖరి ట్రాక్టరు తడవకముందే వచ్చింది" అన్నాడు.

ధర ఎంత తగ్గిందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఫోను పట్టుకుని ఆ వాన వింటూ కాసేపు ఉండిపోయాం.